ఎంఎస్ పేషెంటు ఆలోచనా వేగం: మంచం దగ్గర ఏ పరీక్ష చేయాలి, ఎవరికి ఏది సరిపోతుంది

మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎంఎస్; మెదడు, వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్న పేషెంటుని వార్డులో చూసేటప్పుడు కాళ్ల బలం చూస్తాం, రిఫ్లెక్సులు చూస్తాం, కంట్లో టార్చి వేసి చూస్తాం, మూత్రం సంగతి అడుగుతాం. మెదడు పనితీరు దగ్గరికొచ్చేసరికి "ఈ రోజు ఏ వారం? ఇది ఏ ఊరు?" అని రెండు ప్రశ్నలు అడుగుతాం. జవాబులు సరిగ్గానే వస్తాయి. కేస్‌షీట్‌లో "నార్మల్" అని పడిపోతుంది. అలాంటి పేషెంటే కొన్నాళ్లకి, నడక బాగానే ఉన్నా, ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవడం చూస్తుంటాం. మీటింగులో ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుతుంటే అందుకోలేకపోతున్నానని, పేజీ కిందికి వచ్చేసరికి పైన చదివింది పోతోందని ఆమె చెబుతూనే ఉంటుంది. పైకి బాగానే ఉన్న మనిషి మాట ఎవరూ పట్టించుకోరు.

ఎంఎస్ ఉన్నవాళ్లలో 40 నుంచి 65 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఆలోచన, జ్ఞాపకం దెబ్బతింటాయని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇది కొత్త సంగతి కాదు. ఈ జబ్బుని వివరించిన ఫ్రెంచి వైద్యుడు శార్కో 19వ శతాబ్దంలోనే జ్ఞాపకశక్తి తగ్గడం, ఆలోచనలు నెమ్మదించడం గమనించాడు. కానీ వైకల్యం ఎంత ఉందో కొలవడానికి మనం రోజూ వాడే ఈడీఎస్‌ఎస్ స్కేలు నడక వైపే బాగా మొగ్గుతుంది. దాంతో మెదడు పనితీరుని చూడటం వెనకబడిపోయింది.

వార్డులో పీజీలు, ఎంఎస్ క్లినిక్ నడిపేవాళ్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ఇంట్లో ఎంఎస్ ఉన్న మనిషిని చూసుకునేవాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న: ఇన్ని పరీక్షల్లో ఏది చేయాలి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వేగాన్ని కొలవని పరీక్ష ఎంఎస్‌లో సగం పరీక్ష కూడా కాదు. మిగతా ఎంపికంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ జబ్బు ఎక్కడ దెబ్బతీస్తుందో పరీక్ష అక్కడే అడుగుతోందా అన్నది. ఎంఎస్‌లో సాధారణంగా మొదట తగ్గేది సమాచారాన్ని అందుకుని పని చేసే వేగం. తర్వాత కొత్త విషయాలు నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం. ఆ తర్వాత ప్లాన్ చేసుకోవడం, ఒక పని నుంచి ఇంకో పనికి మనసు మార్చుకోవడం. మాట్లాడే భాష, పాత జ్ఞానం, ఊరు పేరు, తేదీ లాంటివి చాలాకాలం నిలుస్తాయి. అల్జైమర్స్‌ కోసం తయారైన ప్రశ్నలు ఇక్కడ ఎందుకు పనిచేయవో దీన్నిబట్టే అర్థమవుతుంది.

రెండోది, చేయి, కన్ను, నాలుక. ఆప్టిక్ న్యూరైటిస్ (కంటి నరానికి వాపు) వచ్చి చూపు మసకబారినవాళ్లకి చిన్న గుర్తులు చూపించి, చేయి వణికేవాళ్లతో బొమ్మలు గీయించి, మాట ముద్దగా వచ్చేవాళ్లని గబగబా చెప్పమంటే మనకొచ్చేది మెదడు మార్కు కాదు.

మూడోది, మళ్లీ చేసే వీలు. ఎంఎస్ ఏళ్ల తరబడి నడిచే జబ్బు. ఒక్కసారి వచ్చిన మార్కు కంటే ఏడాది తర్వాత అదే మనిషి మార్కు ఎంత మారింది అన్నదే ఎక్కువ చెబుతుంది. అందుకని పరీక్షకి ఒకటికి మించి ప్రశ్నపత్రాలు ఉండాలి. లేకపోతే రెండోసారి అలవాటు వల్లే మార్కులు పెరుగుతాయి.

ఇక చదువు, భాష. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. పదో తరగతి దాటని గృహిణినీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగినీ ఒకే అమెరికన్ పట్టికలో పెట్టి చూస్తే ఒకరికి లేని జబ్బు అంటగడతాం, ఇంకొకరికి ఉన్నది దాటవేస్తాం. సమయం, ఖర్చు, చేయడానికి కావాల్సిన శిక్షణ అందరూ ఎలాగూ లెక్క వేసుకునేవే.

ఒక్క చూపులో (ఒక్కో పరీక్ష ఏమిటో కింద వివరిస్తాను)

| పరీక్ష | పట్టే సమయం | వేగాన్ని కొలుస్తుందా | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|
| నోటితో అడిగేవి (జంతువుల పేర్లు, నెలలు వెనక్కి) | 3–5 నిమిషాలు | కొంతవరకు | పోల్చుకునే ప్రమాణాలు తక్కువ |
| ఎంఎంఎస్‌ఈ | 10 నిమిషాల లోపు | లేదు | ఎంఎస్‌లో చాలామందిని దాటవేస్తుంది |
| మోకా | 10 నిమిషాలు | దాదాపు లేదు | చదువు ప్రభావం, గీయాల్సినవి ఉన్నాయి |
| ఎస్‌డీఎంటీ | 90 సెకన్లు, వివరించడంతో కలిపి 5 నిమిషాలు | అవును, అదే దాని పని | చూపు బాగుండాలి |
| పాసాట్ | 10 నిమిషాలు | అవును | లెక్కల భయం, టెన్షన్ |
| బికామ్స్ | 15 నిమిషాలు | అవును, జ్ఞాపకాన్ని కూడా | తెలుగులో పదాల జాబితా, చేతి పని |
| ఎంఎస్‌ఎన్‌క్యూ ప్రశ్నావళి | 5 నిమిషాలు | లేదు, అనుభవాన్ని అడుగుతుంది | డిప్రెషన్ కలగలిసిపోతుంది |

ఎంఎంఎస్‌ఈ: అలవాటు కొద్దీ చేస్తున్నదే

మతిమరుపు జబ్బులు పట్టడానికి ఎక్కువగా వాడే, 1975లో వచ్చిన ఈ 30 మార్కుల పరీక్షని ఎంఎస్‌కి వాడొద్దనే చెబుతాను. అందులో 10 మార్కులు తేదీకి, చోటుకి పోతాయి. 8 మార్కులు భాషకి. అంటే ఎంఎస్ చాలాకాలం ముట్టుకోని వాటికే సగానికి పైగా. ఉద్యోగం చేయలేకపోతున్న మనిషికి ఇందులో 29 రావచ్చు. ఆ 29 కేస్‌షీట్‌లో పడిందంటే తర్వాత చూసే ప్రతి డాక్టరూ "మెదడు బాగానే ఉంది" అనుకుంటారు. పరీక్ష అసలు చేయకపోతే కనీసం ఆ ప్రశ్న మిగిలి ఉంటుంది.

మోకా: కొంత మెరుగు

2005లో వచ్చిన మోకాలో గడియారం గీయడం, అంకెలు అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి కలపడం, అంకెలు వెనక్కి చెప్పడం, ఐదు పదాలు కాసేపటి తర్వాత గుర్తు చేసుకోవడం ఉన్నాయి. ముందుచూపు, ప్లానింగ్ దెబ్బతిన్నవాళ్లని ఎంఎంఎస్‌ఈ కంటే బాగా పట్టిస్తుంది. తెలుగులో కూడా దొరుకుతుంది. 30కి 26, ఆపైన వస్తే నార్మల్ అంటారు కానీ, చదువు తక్కువైనవాళ్లకి కలిపే ఒక్క మార్కు మన పరిస్థితికి సరిపోదు. వాడేవాళ్లు శిక్షణ తీసుకోవాలన్న నియమం కూడా ఉంది.

లోపం ఎక్కడంటే, ఒక నిమిషంలో పదాలు చెప్పే ప్రశ్న తప్ప మిగతా దేనికీ గడియారం లేదు. నెమ్మదిగా, కష్టపడి, చెమటలు పట్టించుకుని అయినా సరే సరైన జవాబు చెబితే పూర్తి మార్కే. ఎంఎస్‌లో పోయేది ఆ నెమ్మదిలోనే ఉంటే మోకాకి అది కనబడదు. మీ ఆస్పత్రిలో ఉన్నది ఇదొక్కటే అయితే చేయండి, కానీ ఒక్కో ప్రశ్నకి ఎంతసేపు పట్టిందో పక్కన రాయండి.

ఎస్‌డీఎంటీ: ఒక్కటే చేయగలిగితే ఇదే

కాగితం పైన ఒక వరసలో తొమ్మిది గుర్తులు, ఒక్కో గుర్తు కింద 1 నుంచి 9 వరకు ఒక్కో అంకె. దాని కింద వరసల నిండా గుర్తులే, అంకెల గళ్లు ఖాళీ. పైనున్న తాళంచెవి వరస చూసుకుంటూ కింది గుర్తులకి అంకెలు చెప్పుకుంటూ పోవాలి. 90 సెకన్లలో ఎన్ని సరిగ్గా చెబితే అంత మార్కు. అంతే పరీక్ష.

చెప్పే మాట ఇలా ఉంటే చాలు: "అమ్మా, పైన ఒక్కో గుర్తుకి ఒక్కో అంకె ఉంది, చూశారా? కింద గుర్తులు మాత్రమే ఉన్నాయి. మొదటి నుంచి వరసగా ఒక్కోదానికి అంకె చెప్పండి. ఒక్కటి కూడా వదలకండి. ఎంత తొందరగా చెప్పగలిగితే అంత తొందరగా." మొదటి పది గుర్తులు ప్రాక్టీసు. ఆ తర్వాత స్టాప్‌వాచ్ నొక్కుతారు. పేషెంటు నోటితో చెబుతుంటే మీరు రాసుకోండి. ఎంఎస్‌లో రాతకన్నా నోటి పద్ధతే మేలు, ఎందుకంటే చేయి బలహీనత దారిలోకి రాదు.

చేస్తుంటే పక్కన కూర్చుని చూడండి, మార్కుకి అందనిది కూడా కనబడుతుంది. కొందరు మొదటి వరస చకచకా చెప్పి మూడో వరసకి వచ్చేసరికి ఆగిపోతారు. కొందరు ప్రతి గుర్తుకీ కళ్లు పైకెత్తి మళ్లీ వెతుకుతారు, అదే గుర్తు అప్పటికి నాలుగుసార్లు వచ్చి ఉన్నా సరే. వరస తప్పకుండా వేలు పెట్టుకుని చదివేవాళ్లు ఉంటారు. ఇవన్నీ రెండు ముక్కల్లో రాసిపెట్టండి.

తెలుగువాళ్లతో చేసేటప్పుడు ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. "ఎనిమిది", "తొమ్మిది" అనడానికి పట్టే సమయం "ఎయిట్", "నైన్" అనడానికి పట్టదు. 90 సెకన్ల పరీక్షలో ఆ తేడా మార్కుల్లోకి వచ్చేస్తుంది. అందుకని ఫోన్ నంబరు ఏ భాషలో చెబుతారో అడగండి, ఆ భాషలోనే చేయించండి, ఏ భాషో షీటు మీద రాయండి. వచ్చే ఏడాది కూడా అదే భాష. మధ్యలో భాష మారిస్తే పోలిక చెడిపోతుంది.

ఈ పరీక్ష బలం ఏమిటంటే, ఏడాదికోసారి చేసి పోల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. పాత మార్కు కంటే 4 పాయింట్లు తగ్గితే దాన్ని పట్టించుకోవాల్సిన మార్పుగా తీసుకుంటున్నారు. 2018లో వచ్చిన అంతర్జాతీయ సిఫార్సులు కూడా జబ్బు బయటపడగానే ఇలాంటి చిన్న పరీక్ష ఒకటి చేసి, ఏడాదికోసారి అదే పరీక్ష మళ్లీ చేయమన్నాయి. ఒక్కసారి 4 తగ్గిందని కంగారుపడక్కర్లేదు. రాత్రి నిద్ర లేకపోయినా అంత తగ్గొచ్చు. మళ్లీ చేసి చూడాలి.

బలహీనత చూపు దగ్గర. కనుగుడ్లు ఊగుతున్నా, దగ్గరి చూపు మసకగా ఉన్నా ఈ మార్కుని నమ్మకండి. పరీక్షకి ముందు కళ్లజోడు పెట్టించడం మర్చిపోతుంటారు. షీట్లు ఉచితం కాదు, ప్రచురణకర్తల దగ్గర కొనుక్కోవాలి. ఇంకోటి, ఇది జ్ఞాపకశక్తిని నేరుగా అడగదు.

పాసాట్: మంచిదే, కానీ పేషెంటు మీద భారం

రికార్డింగులో మూడు సెకన్లకో అంకె వినిపిస్తుంది. వచ్చిన ప్రతి అంకెని దానికి ముందు వచ్చిన అంకెతో కలపాలి. 3 వినిపించి 5 వినిపిస్తే "ఎనిమిది". తర్వాత 2 వస్తే "ఏడు" అనాలి. చాలామంది "పది" అనేస్తారు, తాము చెప్పిన జవాబుకే కలిపేస్తూ. ఇలా 60 జవాబులు.

తలకి గాయమైనవాళ్ల కోసం 1970ల్లో తయారైన ఈ పరీక్షని తర్వాత ఎంఎస్ పరిశోధనల్లో విరివిగా వాడారు. వేగం, శ్రద్ధ రెండింటినీ గట్టిగానే పరీక్షిస్తుంది. చూపు లేనివాళ్లకి కూడా చేయొచ్చు. కానీ లెక్కలంటే చిన్నప్పటి నుంచి భయం ఉన్నవాళ్లు మొదటి నిమిషంలోనే చేతులెత్తేస్తారు. ఒక్కసారి తప్పితే మళ్లీ అందుకోవడం కష్టం. టెన్షన్ పెరుగుతుంది, కొందరికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. వచ్చే ఏడాది పరీక్ష ఉందంటేనే రానంటారు. అలవాటు వల్ల మార్కులు పెరగడం కూడా ఇందులో బాగా ఉంది. ఆప్టిక్ న్యూరైటిస్ వల్ల ఎస్‌డీఎంటీ కుదరనప్పుడు తప్ప మంచం దగ్గర దీన్ని నేను ఎంచుకోను.

బికామ్స్: పావుగంట దొరికితే

ఎంఎస్ కేంద్రాల్లో న్యూరోసైకాలజిస్టు (మెదడు పనితీరుని పరీక్షించే సైకాలజిస్టు) లేకపోయినా చేయగలిగేలా నిపుణులు కూర్చి 2012లో ప్రచురించిన చిన్న కట్ట ఇది. మూడు భాగాలు. ఒకటి ఎస్‌డీఎంటీ. రెండోది 16 పదాల జాబితాని ఐదుసార్లు చదివి వినిపించడం, ప్రతిసారీ గుర్తున్నన్ని చెప్పించడం. మూడోది ఆరు బొమ్మలున్న కాగితాన్ని 10 సెకన్లు చూపించి, తీసేశాక గుర్తున్నంత గీయించడం, ఇలా మూడుసార్లు. పెన్ను, కాగితం, స్టాప్‌వాచ్ చాలు. వేగం, విన్నది నేర్చుకోవడం, చూసింది నేర్చుకోవడం, మూడూ తెలుస్తాయి.

ఐదుసార్లు వినిపించడంలోనే అసలు విషయం ఉంది. మొదటిసారి ఐదు పదాలు చెప్పి ఐదోసారికి పదమూడు చెప్పిన మనిషికి నేర్చుకునే శక్తి ఉంది, అందుకోవడానికి సమయం పడుతోంది, అంతే. ఐదోసారికీ ఆరు దగ్గరే ఆగితే కథ వేరు. మొదటి మనిషికి "రెండుసార్లు చెప్పండి, రాసివ్వండి" అని ఇంట్లోవాళ్లకి చెబితే రోజు గడుస్తుంది. రెండో మనిషి మందులు గుర్తుపెట్టుకుని వేసుకుంటుందని మనం అనుకోకూడదు.

చిక్కల్లా పదాల జాబితాతో. ఇంగ్లీషు జాబితాని డాక్టరు అక్కడికక్కడే తెలుగు చేసి చదివితే అది పరీక్ష కాదు. జాబితాలోని పదాలు నాలుగు రకాల వస్తువులకి చెందుతాయి, ఒక్కొక్కటి ఎంత వాడుకలో ఉందో చూసి ఎంచినవి. మనవైపు వంటింట్లో వినబడని కూరగాయ పేరు చదివితే పేషెంటుకి అది కొత్త శబ్దం మాత్రమే. సరిగ్గా తయారు చేసిన తెలుగు జాబితా మీ దగ్గర లేకపోతే ఎస్‌డీఎంటీ, బొమ్మల భాగం చేసి అక్కడితో ఆపండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో ఒక పరీక్షల కట్ట తయారు చేయించింది. అది మతిమరుపు జబ్బుల కోసం చేసింది కాబట్టి ఎంఎస్‌కి నేరుగా వాడలేం, కానీ మన భాషలో పరీక్ష ఎలా తయారవ్వాలో చూడటానికి మంచి నమూనా.

ఎంఎస్‌ఎన్‌క్యూ: ఇంట్లోవాళ్ల మాటకి విలువ

15 ప్రశ్నల చిన్న ప్రశ్నావళి. పేషెంటుకి ఒకటి, దగ్గరగా ఉండే మనిషికి ఒకటి. అనుభవంలో తేలిందేమిటంటే, పేషెంటు ఇచ్చే జవాబులు మనసులోని దిగులుతో ఎక్కువగా ముడిపడతాయి. భర్త, అమ్మ, అక్క ఇచ్చే జవాబులు పరీక్షల్లో వచ్చే మార్కులకి దగ్గరగా ఉంటాయి. కాబట్టి ఇద్దరి జవాబులూ తీసుకోండి, విడివిడిగా. పేషెంటు ముందే "ఈయనకి మతిమరుపు ఎక్కువైంది డాక్టర్ గారూ" అని చెప్పించకండి.

ఎవరికి ఏది

రౌండ్స్‌లో ఉన్న పీజీకి, చేతిలో ఏ షీటూ లేనప్పుడు: ఒక నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమనండి, ఎన్ని వచ్చాయో, చివరి ముప్పై సెకన్లలో ఎన్ని వచ్చాయో రాయండి. నెలలు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పించి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఐదు పదాలు చెప్పి, మిగతా పరీక్ష అయ్యాక అడగండి. ఇవి ఎస్‌డీఎంటీకి బదులు కావు. కానీ "ఏ వారం, ఏ ఊరు" కంటే ఎంతో మేలు. అటెండెంట్లని బయటికి పంపడం మర్చిపోకండి. లేకపోతే "ఆవు" అని అమ్మ అందించేస్తుంది.

ఎంఎస్ క్లినిక్ నడిపేవాళ్లకి: ప్రతి కొత్త పేషెంటుకీ ఒక ఎస్‌డీఎంటీ, ఏడాదికోసారి మళ్లీ. నర్సుకి ఒక మధ్యాహ్నం నేర్పిస్తే చేసేస్తారు. మార్కు తగ్గినవాళ్లకి, ఉద్యోగంలో ఇబ్బంది పడుతున్నవాళ్లకి బికామ్స్.

చదువుకోని పేషెంటుకి: కాగితం పరీక్షలు పక్కన పెట్టండి. జంతువుల పేర్లు, పదాలు నేర్చుకోవడం, ఇంట్లోవాళ్ల ప్రశ్నావళి. ఇంకా రోజువారీ పనులు అడగండి: కిరాణా కొట్లో చిల్లర లెక్క, పొయ్యి మీద పెట్టింది మర్చిపోవడం. బయటి ప్రమాణాలతో కాకుండా ఆరు నెలల కింద ఆమె ఎలా ఉండేదో దాంతోనే పోల్చండి.

ఉద్యోగంలో సర్దుబాట్లు, సర్టిఫికేట్లు కావాల్సినవాళ్లకి: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేరు ఉంది. కానీ మంచం దగ్గర చేసిన ఐదు నిమిషాల పరీక్షని అక్కడ ఆధారంగా పెట్టుకోకూడదు. క్లినికల్ న్యూరోసైకాలజిస్టు దగ్గర పూర్తి పరీక్ష చేయించుకోవాలి, గంట పైనే పడుతుంది.

ఇంట్లోవాళ్లకి: నెట్‌లో దొరికే గుర్తులు, అంకెల ఆటలు పేషెంటుతో ఆడించి మార్కులు లెక్కపెట్టకండి. అలవాటైపోయి అసలు పరీక్ష చెడుతుంది. మీరు చూసిన సంఘటనలు తేదీతో రాసిపెట్టండి, డాక్టరుకి అవే కావాలి. మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లో శాఖ ఉంది. ఇదే దారిలో నడిచిన కుటుంబాలతో మాట్లాడే అవకాశం అక్కడ దొరుకుతుంది.

ఏ పరీక్ష అయినా, ఎప్పుడు చేయకూడదు

వార్డులో పరీక్ష చేయడంలో ఒక పెద్ద చిక్కుంది. ఎంఎస్ పేషెంటు అడ్మిట్ అయ్యేది ఎక్కువగా రిలాప్స్ వచ్చినప్పుడే, అంటే జబ్బు ఉన్నట్టుండి తిరగబెట్టినప్పుడే. అప్పుడు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ డ్రిప్ నడుస్తుంటుంది, రాత్రి నిద్ర ఉండదు, మనసు ఒకచోట ఉండదు. ఆ రోజు వచ్చిన మార్కుని ఆ మనిషి అసలు మార్కుగా రాసుకుంటే, తర్వాత ప్రతి ఏడాదీ తప్పు పోలికే. ఉన్నట్టుండి ఆలోచనే దెబ్బతిన్న రిలాప్స్ అని అనుమానం ఉంటే తప్పకుండా చేయండి, కానీ "స్టెరాయిడ్ మూడో రోజు" అని పక్కన రాయండి. మొదటి అసలు కొలత మాత్రం డిశ్చార్జి అయ్యి కనీసం నెల దాటాక, ఓపీలో.

మార్కు తక్కువొస్తే మందుల చీటీ చూడండి. మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, బిగుసుకుపోయిన కాళ్లకి ఇచ్చే బాక్లోఫెన్, నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ఇవన్నీ బుర్రని మందగింపజేయగలవు. డిప్రెషన్ గురించి సూటిగా అడగండి, ఎంఎస్‌లో అది చాలా ఎక్కువ, వైద్యంతో తగ్గేది కూడా. వేడి, అలసట కూడా లెక్కే. మే నెలలో బస్సులో మూడు గంటలు కూర్చుని వచ్చిన మనిషికి మధ్యాహ్నం రెండింటికి పరీక్ష పెట్టకండి. పొద్దున్నే పెట్టండి, మరుసటి ఏడాది కూడా పొద్దున్నే.

ఆలోచన తగ్గడానికి పక్కాగా పనిచేసే మాత్ర ప్రస్తుతానికి లేదు. అల్జైమర్స్‌కి ఇచ్చే డొనెపెజిల్‌ని ఎంఎస్‌లో పెద్ద ట్రయల్‌లో ప్రయత్నించారు, ఫలితం కనబడలేదు. "మరి పరీక్ష దేనికి?" అని పేషెంటు అడుగుతుంది, అడగాలి కూడా. తగ్గుతోందని ముందే తెలిస్తే జబ్బుని ఆపే మందు సరిపోతోందా అని ఆలోచిస్తాం, బుర్రని మందగింపజేసేవి తీసేస్తాం, జ్ఞాపకానికి పనికొచ్చే పద్ధతులు నేర్పించేవాళ్ల దగ్గరికి పంపుతాం, ఆఫీసులో ఒకేసారి ఒకే పని ఇచ్చేలా ఉత్తరం రాసిస్తాం. మార్కు చెప్పేటప్పుడు తల్లిదండ్రులకో భర్తకో కాకుండా ముందు ఆమెకే చెప్పండి, కూర్చుని, నెమ్మదిగా: "మీ తెలివి తగ్గలేదమ్మా, అందుకునే వేగం తగ్గింది. మీరు ఇన్నాళ్లూ చెబుతున్నది నిజమే."